మొక్క కూడా అమానతే

తొలకరి పడిందంటే మన బడుల్లో ఒక సందడి మొదలవుతుంది. నర్సరీ నుంచి ట్రాక్టరు వస్తుంది. నల్లని పాలిథిన్ సంచుల్లో మొక్కలు దిగుతాయి. పిల్లల చేతికి గడ్డపారలు ఇస్తారు, ముఖ్య అతిథి చేతికి నీళ్ళ బకెట్టు ఇస్తారు. గంటన్నరలో తతంగమంతా ముగుస్తుంది. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. అలాంటి ఒక ఫొటోలో, అతిథి పక్కన నవ్వుతూ నిలబడిన వాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ పేపరు ముక్క ఇప్పటికీ మా బీరువాలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఎందుకో ఈ శుక్రవారం పాఠకులకు చెప్పుకోవాలనిపించింది.

మేము కడప జిల్లాలోని ఒక బడిలో ఉర్దూ, దీనియాత్ చెబుతాం. కొన్నేళ్ళ కిందట ఒక సంస్థవారు మా బడికి 300 మొక్కలు, పిల్లలకు టోపీలు, ఒక బ్యానరు ఇచ్చారు. ఊరి వెనక గుట్ట వాలులో మేత పోరంబోకు ఉంది. ఖాళీగా పడి ఉంది కదా అనుకున్నాం. ఊరి పెద్దలను అడిగితే సరేనన్నారు. జూలైలో ఒక ఆదివారం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు గుంతలు తీసి మొక్కలు పెట్టారు. చుట్టూ కంప కొట్టి కంచె వేశాం. చివర్లో దుఆ చేశాం. ఇంటికి వెళ్ళేటప్పుడు మనసు నిండుగా ఉంది.

పది రోజులకు ఒక పెద్దాయన బడికి వచ్చాడు. గొర్రెలు కాసుకునే మనిషి. గుమ్మం దగ్గరే కర్ర పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. "సాయిబూ, కంచె ఏసినారు, బాగుంది. మా గొర్రెలు యాడ మేయల్ల?" అన్నాడు. ఊరివాళ్ళ అనుమతి తీసుకున్నామని చెప్పాం. "నన్ను అడగల్యా గదా" అన్నాడు. గుట్ట మూసుకుపోయేసరికి ఆయన మందను రోడ్డు దాటించి అవతలి బీడుకు తోలుకుపోతున్నాడట. ముందురోజు సాయంత్రం లారీ కింద పడి రెండు పిల్లలు పోయాయన్నాడు. 'పిల్లలు' అనగానే మా గుండె ఆగినంత పనయింది. గొర్రెపిల్లలని అర్థమయ్యాక ఊపిరి తీసుకున్నాం. అలా ఊపిరి తీసుకున్నందుకు తర్వాత సిగ్గుపడ్డాం. ఆయన ఇంటికి ఏడాదంతా తిండి పెట్టేది ఆ మందే.

మర్నాడు తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. "ఉస్తాద్, మొక్క నాటడం సదఖా అన్నారు కదా. మరి ఆ తాత గొర్రెపిల్లల్ని ఎవరి ఖాతాలో రాస్తారు?" మేము చదువుకున్న మదర్సాలో ఉస్తాద్‌ను ఇలా అడిగితే అదబ్ లేదనేవారు. కానీ ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

ఎవరైనా మొక్క నాటితే, దాని ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవారికి సదఖా పుణ్యం దక్కుతుందని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మన పిల్లలకు మక్తబ్‌లోనే తెలుసు. ఆ బోధనలో పశువు కూడా ఉంది. మేమేమో పశువును కంచె బయట నిలబెట్టి, లోపల సదఖా చేస్తున్నామనుకున్నాం.

నియ్యత్ మంచిదైతే చాలదా అని కొందరు అడుగుతారు. మేమూ మొదట ఆ మాటతోనే మనసుకు సర్ది చెప్పుకున్నాం. కానీ ఫిఖ్హ్ చదివినవాళ్ళకు హుఖూఖుల్లాహ్ వేరు, హుఖూఖుల్ ఇబాద్ వేరు అని తెలుసు. నియ్యత్ సంగతి దాసుడికీ ప్రభువుకూ మధ్య ఉండేది. తోటి మనిషి హక్కు మన చేతుల మీదుగా పోతే మాత్రం ఆ మనిషి దగ్గరికి వెళ్ళాలి, నష్టం తీర్చాలి, మాఫీ అడగాలి. బడిపిల్లల చేత చేయించే పర్యావరణ సేవలో ఈ రెండో లెక్క ఎవరూ చూడరు. సేవ చేస్తున్నాం కనుక ఎవరి హక్కూ అడ్డురాదనుకుంటారు. నేల ఖాళీగా కనిపిస్తే అది ఎవరిదీ కాదనుకుంటారు. ఆ నేల మీద మేత ఉంటుంది, ఆడవాళ్ళు ఏరుకునే పుల్లలుంటాయి, వానాకాలంలో ఆకుకూర ఉంటుంది, ఊరివాళ్ళ కాలిబాట ఉంటుంది. రెవెన్యూ దస్త్రంలో ఇవేవీ ఉండవు. సర్పంచి సంతకంలోనూ ఉండవు. ఆ నేలను రోజూ తొక్కే మనిషిని అడిగితేనే తెలుస్తాయి.

మంచి ఉద్దేశంతో నాటిన చెట్టు ఎంత దూరం పోతుందో తెలుసుకోవడానికి మా జిల్లావాళ్ళు ఎక్కడికో వెళ్ళనక్కర్లేదు. ధాత కరువు నడుస్తున్న 1877 ప్రాంతంలో ఆంగ్లేయుల అటవీ శాఖవారు జమైకా దీవి నుంచి వచ్చిన విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో వేశారు. ఎండకు చావని చెట్టు, వంటచెరకుకు పనికొచ్చే చెట్టు అని తెచ్చారు. ఆ చెట్టే మనం సర్కారు తుమ్మ అంటున్నది. దాని కాయలు తియ్యగా ఉంటాయి. మేకలు, గొర్రెలు వాటిని తిని పేడతో పాటు గింజల్ని ఊరూరా వేశాయి. నరికితే మొదలు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. ఇవాళ చెరువుల్లో, వంకల్లో, బీళ్ళలో, మన ఖబ్రస్తాన్లలో కూడా అదే. దాని కింద గడ్డి సరిగా మొలవదు. అయితే న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఎన్నో పేద ఇళ్ళలో పొయ్యి వెలిగింది ఆ కట్టెతోనే, బొగ్గులు కాల్చి బతికినవాళ్ళూ ఉన్నారు. తెచ్చిన అధికారికి చెడ్డ ఉద్దేశం ఉందని మేము అనం. కానీ నాటినవారు పోయారు, చెట్టు మిగిలింది. దాని మంచి, చెడు రెండూ ఆ రోజు అడగబడని మనుషుల మనవలు, మునిమనవల పాలబడ్డాయి.

కనుక ఏ మొక్క నాటాలన్నది అతిథి తేదీ కన్నా ముందు తేల్చుకోవాల్సిన విషయం. ఈ మధ్య కాలంలో అందంగా, త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్‌ను ఎన్నో పట్టణాల్లో వరుసలు వరుసలుగా పెట్టారు. దాని పుప్పొడి వల్ల జలుబు, దగ్గు, ఉబ్బసం వస్తున్నాయని, వేళ్ళు నీటి గొట్టాలను, కేబుళ్ళను పాడుచేస్తున్నాయని చెబుతూ 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడమే నిషేధించింది. అంతకుముందు ఆ మొక్కను నాటిన బడిపిల్లలకు ఇవాళ ఏం చెప్పాలి?

మొక్కే నాటకూడని చోట్లు కూడా ఉంటాయంటే చాలామంది నమ్మరు. మా జిల్లాలోనే కలివికోడి కథ ఉంది. 1900 తర్వాత ఆ పిట్ట ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో లంకమల ప్రాంతంలో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటయింది. రాత్రిపూట తిరిగే ఆ పిట్ట దట్టమైన అడవిలో ఉండదు. పలచగా ముళ్ళపొదలు, మధ్య మధ్య బోడి నేల ఉన్న చోటే దానికి ఇల్లు. మనం బంజరు అని ముక్కు విరిచే నేల అది. సేవ పేరుతో అలాంటి చోట పొదలు కొట్టేసి వరుసగా మొక్కలు పెడితే పచ్చదనం పెరిగిందని ఫొటో వస్తుంది, పిట్ట ఇల్లు పోతుంది. ఇంకో సంగతి. ఆనాడు స్థానికుడొకరు పట్టి తెచ్చిన పిట్ట ఎక్కువ కాలం బతకలేదు. ప్రాణమున్న వాటిని పిల్లలకు చూపించాలనే తొందరలో పాములనూ, గూళ్ళలోని గుడ్లనూ చేతుల్లోకి తీసుకునే మాస్టర్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుండును.

మళ్ళీ మా గుట్ట దగ్గరికి వస్తాం. పెద్దాయన వచ్చి వెళ్ళాక కంచెకు ఒక వైపు దారి తెరిచాం. కొన్ని మొక్కలు గొర్రెలు తిన్నాయి. అది ఊహించినదే. అసలు దెబ్బ వేసవిలో తగిలింది. జూలైలో నాటిన మొక్కకు నీళ్ళు కావాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. సరిగ్గా ఆ నెలల్లోనే బడికి సెలవులు. పిల్లలు ఊళ్ళకు పోతారు, మేమూ పోతాం. వారానికి మొక్కకు ఒక బిందె, అంటే 12 లీటర్లు పోసినా, 300 మొక్కలకు 3,600 లీటర్లు కావాలి. మా ఊళ్ళో మే నెలలో బోరు దగ్గర ఆడవాళ్ళు తెల్లవారుజామున బిందెలు వరుస పెడతారు. ఆ వరుసలో మా మొక్కల బిందెలు ఎక్కడ పెట్టాలి? నాటేనాడు ఈ ప్రశ్న మా బుర్రకే తట్టలేదు. మొక్కలు తెచ్చినవాళ్ళు కూడా అడగలేదు.

జూన్‌లో బడి తెరిచాక తొమ్మిది నుంచి పదికి వచ్చిన పిల్లలు గుట్ట మీదికి వెళ్ళి లెక్కపెట్టారు. 41 బతికి ఉన్నాయి. అదే వారం సంస్థవారి నుంచి ఒక ఫారం వచ్చింది. నాటినవి ఎన్ని, బతికినవి ఎన్ని, బాధ్యుల సంతకం. ఫారం తెచ్చిన కుర్రవాడు మర్యాదగానే, "280 వేయండి హజ్రత్, అందరూ అంతే వేస్తారు. తక్కువ చూపిస్తే వచ్చే ఏడు మొక్కలు రావు" అన్నాడు. మేము 280 అని రాసి సంతకం పెట్టాం. పిల్లల మేలు కోసమే కదా అనుకున్నాం. పది రోజుల తర్వాత ప్రార్థన సమయంలో ఆ అంకెను మైకులో చదివారు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. 41 అని తమ నోటుబుక్కుల్లో రాసుకున్న పిల్లలు కూడా మా ముఖం చూస్తూ కొట్టారు.

మొక్కలు చావడం కన్నా, గొర్రెపిల్లలు పోవడం కన్నా మమ్మల్ని ఎక్కువగా బాధించింది ఆ చప్పట్లే. తర్బియత్ మా వృత్తి. అబద్ధపు సాక్ష్యం ఎంత పెద్ద పాపమో అదే తరగతి గదిలో చెప్పినవాళ్ళం.

ఇది మా ఒక్క బడి జబ్బయితే పత్రికలో రాసే పని లేదు. 1969లో జాతీయ సేవా పథకం మొదలైంది. అందులో చేరిన కళాశాల విద్యార్థి రెండేళ్ళలో 240 గంటల సేవ చేయాలి. పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో బడుల్లో జాతీయ హరిత దళాలు మొదలయ్యాయి. ఉమ్మడి రాష్ట్రంలో జన్మభూమి, నీరు-మీరు చూశాం. 2015లో తెలంగాణలో 230 కోట్ల మొక్కల లక్ష్యంతో హరితహారం మొదలైంది. ఇవన్నీ మంచి తలంపులే. వీటిలో చెమటోడ్చిన పిల్లలను మేము ఎరుగుదుం. కానీ గంటలకూ అంకెలకూ సర్టిఫికెట్లు ముడిపడిన చోట ఒక దురలవాటు తయారవుతుంది. నలభై గంటలు పనిచేసిన కుర్రవాడికీ, నాలుగు ఫొటోలు దిగిన కుర్రవాడికీ ఒకే కాగితం అందుతుంది. ఆ కాగితం చూపించి ఒకడు ముందుకు వెళితే, నిజంగా పనిచేసినవాడి హక్కు పోయినట్టే. తల్లిదండ్రులారా, మీ పిల్లవాడు సేవా సర్టిఫికెట్ తెస్తే సంతోషించండి. దాని మీద ఉన్న గంటలు నిజమేనా అని ఒక్కసారి వాడి కళ్ళలోకి చూసి అడగండి.

అంకెల మోజు పెద్ద దేశాలనూ వదలలేదు. 2019 నవంబర్ 11న తుర్కీ దేశంలో ఒకే రోజు 1 కోటి 10 లక్షల మొక్కలు నాటారు. చోరుమ్ అనే చోట ఒక గంటలో 3,03,150 మొక్కలు పెట్టి గిన్నిస్ రికార్డు సాధించారు. మూడు నెలలు తిరగకముందే అక్కడి వ్యవసాయ, అటవీ కార్మికుల సంఘం తాము చూసిన మొక్కల్లో 90 శాతం దాకా ఎండిపోయాయని ప్రకటించింది. కాలం కాని కాలంలో, పని తెలియని చేతులతో నాటించారని, నీరు అందలేదని చెప్పింది. ప్రభుత్వం కాదంది, ఎక్కువ భాగం బాగానే ఉన్నాయంది. ఎవరి లెక్క సరైనదో మేము తీర్పు చెప్పం. నాటిన రోజు లెక్క గురించి మాత్రం ఎవరికీ తగవు లేదు, తగవంతా బతికినవాటి దగ్గరే వచ్చింది.

కెన్యా దేశంలో వంగారీ మాతాయి 1977లో మొదలుపెట్టిన హరిత వలయ ఉద్యమంలో పల్లె ఆడవాళ్ళకు చిన్న మొత్తం ఇచ్చేవారు. నాటినందుకు కాదు, మొక్క బతికితేనే. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మనవాడైన ఖమ్మం జిల్లా వనజీవి రామయ్యను చూడండి. 2017లో పద్మశ్రీ వచ్చినా, 2025 ఏప్రిల్‌లో కన్నుమూసేదాకా ఆయనది అవే విత్తనాలు, అదే పని.

పిల్లల విషయమొకటి మిగిలింది. పట్టణాల్లో చెరువుగట్లు, కాలువలు శుభ్రం చేసే కార్యక్రమాలకు విద్యార్థులను తీసుకుపోతున్నారు. ఆసుపత్రి చెత్తను వేరుగా పారవేయాలని 1998లోనే నిబంధనలు వచ్చాయి, 2016లో ఇంకా గట్టి నిబంధనలు వచ్చాయి. అయినా కాలువ గట్టున సూదులు దొరుకుతూనే ఉన్నాయి. ఆ చెత్తలోకి పదమూడేళ్ళ పిల్లవాడి ఉత్త చేతులను పంపడానికి మనకు హక్కెక్కడిది? తల్లిదండ్రులు బిడ్డను మనకు అమానత్‌గా అప్పగించారు. గ్లవ్సులు, తాగునీరు, నీడ, ఆడపిల్లలకు మరుగుదొడ్డి, గాయమైతే చూసే మనిషి లేకుండా మొదలుపెట్టే పనికి సేవ అని పేరు పెట్టకూడదు. ఒకసారి ఇలాంటి కార్యక్రమంలో పిల్లలకు కొత్త గ్లవ్సులు ఇచ్చారు. పక్కన మున్సిపల్ కార్మికురాలు ఉత్త చేతులతో నిలబడి చూస్తోంది. రోజూ ఆ కాలువను ఎత్తేది ఆవిడే. ఒక పిల్లవాడు తన గ్లవ్సులు తీసి ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె నవ్వి కొంగున కట్టుకుంది. పెద్దలెవరికీ ఆ ఆలోచన రాలేదు, మాకూ రాలేదు.

ఆ 280 అంకె సంగతి చెప్పి ముగిస్తాం. రెండు వారాలు నిద్ర సరిగా పట్టలేదు. ఒకరోజు పదో తరగతికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. సంస్థకు ఉత్తరం రాశాం: బతికినవి 41, ఫారంలోని అంకె తప్పు, తప్పు రాసింది మేమే. వాళ్ళ నుంచి జవాబు రాలేదు. మరుసటి ఏడు మొక్కలూ రాలేదు. పెద్దాయన ఇంటికి వెళ్ళి రెండు గొర్రెపిల్లల ధర ఇవ్వబోతే ఒకదానికే తీసుకున్నాడు. రెండోది లారీ వాడి తప్పన్నాడు. ఎంత చెప్పినా వినలేదు.

ఆయన్నే అడిగాం, మొక్కలు ఎక్కడ పెడితే బాగుంటుందని. గుట్ట జోలికి పోవద్దన్నాడు. ఖబ్రస్తాన్ గోడ వెంబడి, మసీదు వెనక కానుగ పెట్టమన్నాడు. కానుగాకు గొర్రె ముట్టదు, కంచె ఖర్చు ఉండదు. మసీదులో ఉజూ నీళ్ళన్నీ మురుగులోకి పోతున్నాయి కదా, వాటిని చిన్న కాలువ తీసి మళ్ళించమన్నాడు. ఉజూకి సెలవులుండవని నవ్వాడు. ఆయన నమాజు చదివే మనిషి కాదు. ముప్ఫై ఏళ్ళుగా రోజుకు అయిదు పూటలా ఆ ఉజూఖానాలో కూర్చున్న మాకు ఆ మాట తోచలేదు.

ఆ ఏడు 25 మొక్కలే పెట్టాం. అతిథి లేడు, బ్యానరు లేదు. ఒక్కో మొక్కకు ఇద్దరు పిల్లల పేర్లు, ఒక రిజిస్టరు. నెలకోసారి పిల్లలే రాస్తారు, మేము దిద్దం. మొన్న పాత రిజిస్టరు తీసి చూస్తే, మొదటి ఏడాది జూన్ పేజీలో వంకర అక్షరాలతో ఇలా ఉంది: "బతికినవి 22. చచ్చినవి 3. కారణం: రంజాన్ సెలవుల్లో కాలువ పూడిపోయింది, మేము చూడలేదు. ఒకటి మా తమ్ముడు పీకాడు."